గడప వాంగ్మూలం

ఎదురింటి వజ్రమ్మ చెప్పినదాని ప్రకారం, తూర్పులంకలో ఒక ముసలావిడ నులకమంచం కోడుకి చేతులు జోడించి, ఊరంతా చూస్తుండగా క్షమాపణ చెప్పుకుందట. వజ్రమ్మ కళ్ళారా చూడలేదు. ఆ మాట ఆమె ఆడపడుచు చెప్పింది. ఆడపడుచుకి పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారు. మనవడి కాలికి మంచం కోడు తగిలి వాడు ఏడిస్తే, ఊరుకోబెట్టడానికి ఆవిడ ఆ కోడుని ఒక దెబ్బ వేసిందట. సరిగ్గా అప్పుడే ఎవరో ఆఫీసరు గుమ్మంలోకి వచ్చాడట.

"మంచం ఏమందంట మరి?" చేటలో బియ్యం చెరుగుతూ అడిగింది నూకరత్నం.

"ఏమీ అనలేదంట ఒదినా. అందుకే కేసు ఇంకా తెమల్లేదంట."

నూకరత్నం నవ్వి ఊరుకుంది. వజ్రమ్మ మాటని ముందు చెరగాలి, తరవాత రాళ్ళు ఏరాలి, అప్పటికీ మిగిలింది ఉంటే వండుకోవాలి. ఇది ఆవిడ కాపరానికొచ్చిన కొత్తల్లోనే నేర్చుకున్న సంగతి. పైగా ఇద్దరి మధ్యా పాత పేచీ ఒకటుంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి చెత్తంతా తన ఇంటివైపు తోస్తుందని వజ్రమ్మ ఫిర్యాదు. గాలి అటు వీస్తే నేనేం చేసేదని నూకరత్నం జవాబు. గాలి ఇటు వీచిన రోజుల్లో కూడా చెత్త అటే వెళ్తుందన్నది వేగివారిలంకలో అందరికీ తెలుసు.

వారం తిరక్కుండా కోడలు భవాని ఆ పథకం కబురు మోసుకుని ఇంటికొచ్చింది.

పథకం పేరు బాల సామరస్యం. దాని వెనక ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. పెద్దవాళ్ళు గట్టు తగాదాలనీ, గోడ తగాదాలనీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఎందుకు? చిన్నప్పుడు సర్దుకుపోవడం నేర్చుకోలేదు కనక. ఎక్కడ నేర్పాలి? ఇంట్లో. ఎప్పుడు? మాటలు వచ్చీరానప్పుడే. కాబట్టి పసివాళ్ళ మధ్య గొడవ వస్తే పెద్దలు అరవకూడదు, కొట్టకూడదు, తీర్పు చెప్పకూడదు. ఆగు, ఊపిరి తీసుకో, నీ బాధ చెప్పు, ఎదుటివాళ్ళ మాట విను, ఇద్దరికీ నచ్చే దారి వెతుకు అని నేర్పాలి. నూకరత్నం కూడా విని, "మంచిదేగా" అంది.

నిబంధనలు రాసిన కమిటీవారు మాత్రం మరీ జాగ్రత్తపరులు. ఎవరూ తప్పించుకోకూడదని, రెండో పక్షం అంటే "ఏడుపుకు కారణమైనది ఏదైనను" అని రాశారు. వయసు రుజువులు తెమ్మని పల్లెజనాన్ని తిప్పకూడదన్న దయతో, మొదటి పక్షం అంటే "దెబ్బ తగిలి కన్నీరు పెట్టినవారు, వారిని ఈ పథకం నిమిత్తం శిశువుగా పరిగణించవలెను" అని రాశారు. రెండు పక్షాల మాటా వినకుండా ఏ గొడవనూ ముగించరాదని కింద గీత గీశారు.

భవానికి ఈ పథకంతో పీకల మీదికి వచ్చిన పని ఉంది. పెళ్ళయిన కొత్తల్లో అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. మొగుడు రొయ్యల లారీ మీద తిరుగుతుంటే, ఇంట్లో పనీ అక్కడి పనీ చేసుకుంటూ డిగ్రీకి ప్రైవేటుగా కట్టింది. పరీక్షలకి వెళ్ళిన రోజుల్లో మనవరాలిని చంకనేసుకుని తిప్పింది నూకరత్నమే. ఇప్పుడు టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. వేస్తే భవానినే వేయాలి. కాని టీచరు కాబోయేవారి ఇల్లు ముందు "సామరస్య గృహం" అని తేలాలట. ఈ నెలాఖరులోగా తేలకపోతే ఆ కుర్చీలో పొరుగూరి మనిషి వచ్చి కూర్చుంటుంది.

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆఫీసరు వచ్చినప్పుడు మీరు మాత్రం మధ్యలో దూరకండి" అంది భవాని.

"నేనేం దూరతానే? ఆగు, ఊపిరి తీసుకో, బాధ చెప్పు... నోటికొచ్చేసింది కూడాను. గేదెకి కూడా చెప్తన్నాను."

ఆఫీసరు వచ్చాడు. పేరు విశ్వమోహన్, హోదా శిశు సామరస్య పర్యవేక్షకుడు. చిన్నవాడు, మర్యాదస్థుడు, మెడలో బిళ్ళ. వచ్చేటప్పుడే గుమ్మం దగ్గర తల వంచాడు. అది పాత పెంకుటిల్లు. గుమ్మం పొట్టి, గడప ఎత్తు. ఎంతటి మొనగాడైనా మా ఇంటికి తలవంచుకునే రావాలి అని నూకరత్నం మామగారు అంటూండేవాడు. గడప నిండా శుక్రవారం నాటి పసుపు, కుంకుమబొట్లు మెరుస్తున్నాయి.

ఆ సమయానికి నూకరత్నం మనవరాలు, వజ్రమ్మ మనవడు బాబ్జీ వాకిట్లో ఒకే తేగని చెరో కొసా పట్టుకుని లాక్కుంటున్నారు. పిల్లకి రికార్డుల్లో పేరు మోక్షిత. నూకరత్నం నోటికి ఆ పేరు తిరగదు కనక ఇంట్లో బుల్లి. ఆవిడ అలవాటు ప్రకారం తేగని నిలువునా చీల్చి చెరో సగం ఇవ్వడానికి చెయ్యి చాచింది.

"దయచేసి పరిష్కారాన్ని పైనుంచి రుద్దకండి. అది లోపలినుంచి వికసించాలి" అన్నాడు విశ్వమోహన్.

భవాని ఇద్దరి మధ్యా గొంతుక్కూర్చుని, "బాబ్జీ, ఇప్పుడు నీ మనసులో ఏముంది నాన్నా?" అని అడిగింది.

"తేగ" అన్నాడు బాబ్జీ.

"నీకేమనిపిస్తోంది బుల్లీ?"

"తేగ."

"భావాల గుర్తింపు బాగుంది. ఇప్పుడు వస్తువును కింద పెట్టి, ఊపిరి" అన్నాడు విశ్వమోహన్.

ఇద్దరూ తేగని కింద పెట్టి, బుగ్గలు పూరీల్లా పొంగించి ఊపిరి పట్టారు. ఎవరిది పెద్ద బుగ్గో చూసుకుంటూ ఉండగా నూకరత్నం మేకపిల్ల వచ్చి తేగని నోట కరుచుకుని పోయింది. పిల్లలిద్దరూ కెవ్వున నవ్వారు. విశ్వమోహన్ తీరిగ్గా రాసుకుంటూ పైకి చదివాడు: "మేక జోక్యంతో వివాదాంశం అదృశ్యమైనందున ఉభయపక్షాలూ సంతృప్తి చెందినవి."

అక్కడితో పోతే సరిపోయేది. కాని మేక ఇంట్లోకి పరిగెత్తింది. దాని వెనకే బుల్లి పరిగెత్తింది. గడప తగిలి బోర్లా పడి, మోకాలు పట్టుకుని ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది.

నూకరత్నానికి ఆఫీసరూ గుర్తులేడు, పథకమూ గుర్తులేదు. ఒక్క గెంతులో వెళ్ళి పిల్లని ఎత్తుకుని, గడప మీద ఫెళ్ళున ఒకటి వేసింది.

"ఛీ గడపా! మా బుల్లినే కొడతావా? ఇందా, తిను! ఇంకోసారి కొట్టావంటే పొయ్యిలో పెట్టేత్తాను!"

బుల్లి ఏడుపు టక్కున ఆగింది. ముక్కు చీదుకుని, తనూ ఒక దెబ్బ వేసింది. తరవాత నూకరత్నం ఎప్పుడూ చేసే పనే చేసింది. వేళ్ళు గడపకి ఆనించి కళ్ళకద్దుకుని, "తప్పు తల్లీ, ఏమనుకోకు" అంది. గడప అంటే లక్ష్మి కదా మరి. పిల్ల ఊరుకోవాలి, లక్ష్మికి కోపం రాకూడదు. ఆ ఇంట్లో తరతరాలుగా రెండూ ఒకే చేత్తో జరిగిపోతున్నాయి.

విశ్వమోహన్ కలం ఆగింది.

"అమ్మా, ఇప్పుడు మీరు చేసినదాన్ని ప్రతీకారాత్మక సాంత్వన అంటారు. ముందు దాడి, వెంటనే వేడుకోలు. చాలా సంక్లిష్టమైన సంబంధం ఇది."

"ఎవరితో బాబూ?"

"గడపతో."

భవాని మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

విశ్వమోహన్ కఠినుడు కాడు. నిబంధనలో ఏముందో అదే చేశాడు. ఏడుపు ఉంది, ఏడుపుకు కారణమైనది ఉంది. కనక మొదటి పక్షం మోక్షిత, రెండో పక్షం గడప. రెండో పక్షంపై దాడి చేసిన కారణంగా నాయనమ్మ అదనపు పక్షం. గడప వాంగ్మూలం నమోదయ్యేదాకా ఈ ఇంటికి సామరస్య ధ్రువపత్రం ఇవ్వడం కుదరదు.

"గడప మాట్లాడదు కదండీ" అంది భవాని.

"మాట్లాడదని మనమే ముందు నిర్ణయించేస్తే అది వినడం అనిపించుకోదమ్మా."

అంటూ పీట వేయించుకుని గడప ముందు కూర్చున్నాడు. మెత్తగా అడిగాడు. తనని తాను పరిచయం చేసుకుని అడిగాడు. ఒత్తిడికి లోనై ఉంటుందని మిగతావాళ్ళందర్నీ దూరంగా పంపి, ఏకాంతంగా అడిగాడు. గడప పసుపు పూసుకుని పడుకునే ఉంది. చివరికి "రెండో పక్షం మౌనం పాటిస్తున్నది, కారణం భయం కావచ్చును" అని రాసుకుని లేచాడు. పోతూపోతూ, వివాదం ముగిసేదాకా రెండు పక్షాలూ ఎదురెదురు పడకూడదని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాడు.

"పడకపోతే పిల్ల బయటికెలా వత్తాది బాబూ?"

"పెరటి గుమ్మం లేదా?"

"ఉందండి. దానికీ గడపుంది. రెండూ ఒకే వేపచెట్టు కర్రతో మా మావగారు చేయించారు."

అడిగినదానికి నిజం చెప్పడమే నూకరత్నం చేసిన తప్పు. విశ్వమోహన్ కనుబొమలు ముడిపడ్డాయి. "అంటే రక్తసంబంధం. అటువైపు కూడా కుదరదు."

దాంతో ఆ మర్నాటినించీ బుల్లిని కిటికీలోంచి బయటికి అందించడం మొదలైంది. లోపల భవాని, బయట నూకరత్నం. పిల్లకి ఆ ప్రయాణం ఎంత నచ్చిందంటే, బయటికి రాగానే మళ్ళీ లోపలికి పంపమని మారాం. వీధిలో పిల్లలంతా కిటికీ కింద బారు తీరారు. నూకరత్నం నడుం పట్టేసింది. అయినా పన్నెత్తి మాటనలేదు. రాత్రి కోడలు అన్నం కెలుకుతూ కూర్చోవడం ఆవిడ చూసింది.

"నా చెయ్యి ఇరిగిపోనూ. నీ ఉజ్జోగం మీద కొట్టినట్టయింది కదే" అంది.

"మీరు కావాలని చేశారా ఏంటి అత్తయ్యా" అంది భవాని. కాని కంచంలో అన్నం అలాగే ఉంది.

నెలాఖరు దగ్గరపడుతుంటే విశ్వమోహనే ఒక దారి వెతికాడు. మాటలు రాని పక్షానికి ప్రతినిధి ఉండవచ్చని నిబంధన ఉంది. ఆ ప్రతినిధి ఆ పక్షాన్ని ఏళ్ళతరబడి దగ్గరగా చూసినవారై ఉండాలి, ఆ ఇంటివారు మాత్రం కాకూడదు. వీధి మొత్తంలో అలాంటి మనిషి ఒక్కతే ఉంది. ఎదురింటి అరుగు మీద కూర్చుని ఆ గుమ్మంలోకి ఎవరు వచ్చారో ఎవరు పోయారో ముప్పొద్దులా చూసే మనిషి.

వజ్రమ్మ పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గడప పక్కన పీట వేసుకుని, గొంతు సవరించుకుంది.

"మీరు గడపగా మాట్లాడాలమ్మా. 'నేను' అని చెప్పండి" అన్నాడు విశ్వమోహన్.

"నేను గడపనండి" అంది వజ్రమ్మ, ఏమాత్రం తడుముకోకుండా. "ఈ ఇంటికొచ్చి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదండి. శుక్రవారం శుక్రవారం పసుపు రాత్తారు, శనారం నించీ తొక్కుతారు. నా మీద కూచోకూడదంట, నించోకూడదంట, తుమ్మకూడదంట. ఇన్ని మర్యాదలు చేసి, పిల్ల పడితే మాత్రం తన్నులు నాకు. కాలు ఎత్తి ఎయ్యడం పిల్లకి నేర్పనిది ఎవరండి? నేనా?"

"చాలా స్పష్టంగా చెబుతోంది" అన్నాడు విశ్వమోహన్, చకచకా రాసుకుంటూ. "ఇంకా మనసులో ఏమైనా ఉంటే దాచుకోవద్దు."

"ఉందండి. అన్నిటికన్నా నాకు కడుపు తరుక్కుపోయేది ఒకటుందండి. పొద్దున్నే ఈవిడ ఇల్లంతా ఊడ్చి, నా మీదనించే తోసి, ఆ చెత్తంతా ఎదురింటి మహాతల్లి వాకిట్లో పోత్తాదండి. పాపం ఆవిడ పల్లెత్తు మాటనదు. అది చూళ్ళేకే నేను మూగదాన్నయిపోయాను."

"ఒసే వజ్రం!" నూకరత్నం లేవబోయింది. "నీ నోరు..."

భవాని చెయ్యి పట్టుకుని లాగింది. నూకరత్నం ఆగింది. ఊపిరి తీసుకుంది. బాధ మాత్రం చెప్పుకోలేదు. ఎదుటివాళ్ళ మాట విన్నది.

రాజీ కుదిరింది. నూకరత్నం గడపకి బహిరంగంగా క్షమాపణ చెప్పాలి. ఇకమీద దాన్ని కొట్టకూడదు, పిల్లతో కొట్టించకూడదు. గడప మనశ్శాంతి కోసం చెత్త ఎదురింటి వైపు తోయకూడదు. క్షమాపణ ఆవిడకి బరువేమీ కాదు, వారంవారం చెప్పేదే. వంగి గడపని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. బరువైంది ఆ తరవాతది. పక్కన పీట మీదున్న వజ్రమ్మ చెయ్యెత్తి దీవిస్తున్నట్టుగా, "సర్లే, ఈసారికి వదిలేత్తన్నాను" అంది. నూకరత్నం పళ్ళు పటపటలాడిన చప్పుడు భవానికి ఒక్కదానికే వినపడింది.

ధ్రువపత్రం మీద సంతకం పెట్టడానికి జిల్లానించి సంయుక్త సంచాలకులు దివాకర్రావుగారు స్వయంగా వచ్చారు. నిర్జీవ పక్షంతో రాజీ జిల్లాలో ఇదే మొదటిదట. తూర్పులంక మంచం కేసు ఇంకా నడుస్తూనే ఉందట. ఆయన ఆరడుగులకి మించిన మనిషి. వాకిట్లో కుర్చీ వేస్తే, "ఘటనాస్థలాన్ని లోపలినుంచి కూడా పరిశీలించాలి" అన్నారు.

"బాబయ్యా, తల..." అంది నూకరత్నం.

"విశ్వమోహన్ చెప్పాడమ్మా. గడపని తొక్కను" అంటూ ఆయన కింద చూసుకుని, ఎంతో గౌరవంగా కాలెత్తి గడప దాటారు. గుమ్మం పైకర్ర ఠంగుమని నుదుటికి తగిలింది.

"అమ్మోయ్!" అని ఆయన రెండు చేతులతో తల పట్టుకుని, కళ్ళు బైర్లు కమ్మి, ఉన్నచోటనే చతికిలబడ్డారు. చతికిలబడింది గడప మీద.

"అయ్యయ్యో, నా మీద కూచున్నాడు!" అంది వజ్రమ్మ. ఆవిడ ఇంకా ప్రతినిధి పదవిలోంచి దిగలేదు.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. రాజీపత్రం ప్రకారం ఎవరూ ఏమీ చేయకూడదు కూడా. అందరి కాళ్ళ సందుల్లోంచి బుల్లి వచ్చింది. ఆయన మొహంలోకి వంగి చూసింది. పైకర్ర అందదు కనక, మునికాళ్ళ మీద లేచి, చెయ్యి అందినంత ఎత్తులో గుమ్మం నిలువు కర్రని ఫట్ మని కొట్టింది.

"కొట్టేశా. ఇంక ఏలవకు" అంది. ఆయన నుదుటి మీద ఉఫ్ మని ఊదింది కూడా.

భవాని కళ్ళు మూసుకుంది.

విశ్వమోహన్ కలం తీశాడు. పాపం, అతను ఎంత నిజాయితీపరుడంటే, దాన్ని ఆపుకోవడం అతని వల్ల కాదు. "సార్, ఇది కొత్త వివాదం. రెండో పక్షం పైకర్ర. మొదటి పక్షం..." నిబంధన గుర్తుచేసుకుని ఆగాడు. "కన్నీరు పెట్టినవారు సార్. వారిని శిశువుగా పరిగణించాలి. పేరు ఏమని రాయమంటారు సార్?"

దివాకర్రావుగారు తల పట్టుకునే అతనివైపు చూశారు.

"రాయకు."

"రాయకపోతే నిబంధన ప్రకారం సార్..."

"ఇక్కడ ఏమీ జరగలేదు. ఎవరూ ఏడవలేదు. ఆ ధ్రువపత్రం ఇలా ఇవ్వవయ్యా."

గడప మీద కూర్చునే సంతకం గీకేశారు. లేచి, బట్టలు దులుపుకున్నారు. ధ్రువపత్రం భవానివైపు చాచారు. భవాని ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఆయన వదల్లేదు. చుట్టూ మూగిన జనం మధ్య పెద్దరికం ఎక్కడో జారిపోయిందని ఆయనకి అనిపించినట్టుంది. ఆ పోయినదాన్ని కూడదీసుకుని నూకరత్నం వైపు తిరిగారు.

"ఒక్కటి అడుగుతానమ్మా, సూటిగా చెప్పండి. చెయ్యి చేసుకోవడం ఈ పసిదానికి మీరే నేర్పారు. దెబ్బకి దెబ్బ అని పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తే, రేపు ఈ సమాజం ఏమైపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆ కొసనించి భవాని అత్తగారి వైపు చూసింది. ఆగండి, ఊపిరి తీసుకోండి అన్నట్టు తల ఊపింది. నేర్పిన జవాబంతా నూకరత్నానికి కంఠతా వచ్చు. గేదెకి కూడా వచ్చు.

"సమాజం సంగతి నాకు తెలీదు బాబయ్యా. బుల్లి కొట్టాక మీ నెప్పి తగ్గిందా, లేదా? అది చెప్పండి."